తాబేటి గూట్లో మొక్కకు ఏ మట్టి?



ఈ పూట ముచ్చటించబోయే విషయం మీకు కొంచెం వింతగా తోచవచ్చు. పాములు, తాబేళ్లు, బల్లులు, ఉడుములు - వీటిని సరీసృపాలంటారు. వీటిని ఉంచే గూళ్లలో నాటిన మొక్కలకు ఎటువంటి మట్టి వాడాలన్నది ప్రశ్న. "పాములతో మాకేం పనండీ? వరికీ, మినుముకూ పనికొచ్చే మాట చెప్పండి" అని మీరనవచ్చు. కాని పని ఉన్నది. హైదరాబాదులో 1963లో తెరిచిన నెహ్రూ జంతుప్రదర్శనశాల ఉన్నది. విశాఖపట్నంలో, తిరుపతిలో కూడా అటువంటివి ఉన్నవి. విదేశీ బల్లి అయిన ఇగ్వానాను ఇంట్లో గాజుపెట్టెలో పెంచేవారూ ఉన్నారు. ఇటువంటి గూళ్లలో పచ్చని మొక్క ఉంటే ఆ జీవికి నీడ, చాటు, చెమ్మ దొరుకుతాయి. ఆ మొక్క నర్సరీ నుంచే గదా వెళ్లాలి! కడియం కానివ్వండి, మీ ఊరి నర్సరీ కానివ్వండి, మొక్క వెంట మీ మట్టి కూడా ప్రయాణం చేస్తుంది. ఆ మట్టిలో ఏమున్నదో మీకు తెలుసు. నోరులేని జీవికి తెలియదు.

మొక్కకు మంచి మట్టి అంటే జంతువుకూ మంచిదే అనుకోరాదు. మొక్క మట్టిని వేరుతోనే తాకుతుంది. తాబేలు పొట్ట ఈడ్చుకుంటూ మట్టి మీదనే తిరుగుతుంది, దానిని తవ్వుతుంది, అందులోనే గుడ్లు పెడుతుంది. ఆకు కొరికేటప్పుడు ఆకుతోపాటు మట్టిని కూడా మింగుతుంది. పాము, ఉడుము నాలుక చాపి నేలను తడుముతూ వాసన పడతాయి. పైగా గాజుపెట్టె మూసిన చోటు. పొలంలో మందు వాసన గాలికి కొట్టుకుపోతుంది, అక్కడ పోదు. కనుక మట్టి నల్లగా, గుల్లగా ఉన్నదా అని చూడడం చాలదు. "ఇంతకుముందు ఇందులో ఏం కలిపారు?" అని అడగడం మొదటి పని.

ముందుగా, కూడనివి చెబుతాను.

గుళికల మందు తగిలిన మట్టి అసలు పనికిరాదు. ఫోరేటును మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. అయినా పాత డబ్బా ఏ కొట్టపు మూలనో ఉండవచ్చు. కార్బోఫ్యురాన్ గుళికలూ అంతే ప్రమాదం. ఇవి పక్షులకు, చిన్న జీవులకు కొద్దిపాటి మోతాదులోనే ప్రాణాంతకం. ఇంటి పునాది పక్క మట్టి కూడా తీయవద్దు. అక్కడ చెదలమందు పోసి ఉండవచ్చు. కలుపుమందు కొట్టిన గట్టు మట్టి, రోడ్డు పక్క మట్టి కూడా వద్దు.

రెండవది, రసాయనపుటెరువు. యూరియా పలుకులు, నెమ్మదిగా కరిగే పూతగుళ్లు జంతువు కంటికి గింజల్లాగానో గుడ్లలాగానో కనబడతాయి. సంచిమట్టి కొనేటప్పుడు సంచిమీద రాసినది చదవండి. ఎరువు కలిపినదైతే వదిలిపెట్టండి.

మూడవది, పెర్లైటు అనే తెల్లని తేలిక పలుకులు. మొక్కకు వీటివల్ల హాని లేదు. కాని నీరు పోస్తే ఇవి పైకి తేలుతాయి, జంతువు నోటికి అందుతాయి. మింగితే పేగులో అడ్డుపడవచ్చు. నాలుగవది, పచ్చిపేడ. అది వేడి పుట్టిస్తుంది, అమ్మోనియా వాసన వదులుతుంది, రోగక్రిములను మోసుకొస్తుంది. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది గనుక అదీ వద్దు.

మరి ఏది వాడాలి? మందు ఎరుగని చోట తీసిన ఎర్రమట్టి 2 పాళ్లు, కడిగిన ఏటి ఇసుక 1 పాలు, బాగా చివికిన ఆకు ఎరువు 1 పాలు కలపండి. చెమ్మ కోరే జీవికైతే, 2, 3 సార్లు మంచినీటితో కడిగి పిండిన కొబ్బరిపొట్టు మరొక పాలు చేర్చండి. కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది. మెట్టభూముల తాబేలు వంటి పొడి కోరే జీవికైతే పొట్టు మాని ఇసుక మరొక పాలు పెంచండి. తడిమట్టిని గుప్పిట పట్టి చూడండి: ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి.

కలిపిన మట్టిని ఏప్రిల్, మే ఎండల్లో తడిపి, జానెడు మించకుండా పరచి, పారదర్శకమైన పాలిథీన్ గుడ్డ కప్పి, అంచులు మట్టితో మూసి 4 నుంచి 6 వారాలు ఉంచండి. పురుగులు, కలుపు గింజలు, తెగుళ్లు చాలావరకు చస్తాయి. కొద్దిపాటి మట్టే కావాలంటే, పాత ఇడ్లీపాత్ర ఒకటి దీనికే కేటాయించి, అరగంట ఆవిరిపట్టి చల్లార్చండి. ఒక సంగతి మరువకండి: ఎండగాని, ఆవిరిగాని క్రిమిని చంపుతాయి. మందు విషాన్ని పోగొడతాయని నమ్మకూడదు.

మట్టిని పరీక్షించే తేలిక పద్ధతులు రెండున్నవి. ఒక కుండీలో 20 పెసలు వేయండి. మొలక సరిగా రాకపోయినా, ఆకులు మెలికలు తిరిగినా ఆ మట్టిలో కలుపుమందు ఉండవచ్చు. అయితే పురుగుమందు సంగతి పెసర చెప్పదు. అందుకు వానపాములున్నవి. ఒక తొట్టిలో సగం మీరు నమ్మిన మట్టి, సగం కొత్తమట్టి పోసి, మధ్యలో 10 వానపాములు వదిలి 2 రోజులుంచండి. అన్నీ కొత్తమట్టి విడిచి అటు చేరినా, చచ్చినా ఆ మట్టి వాడకండి. పరీక్ష నెగ్గినంత మాత్రాన పుట్టుక తెలియని మట్టిని నమ్మమని మాత్రం కాదు.

కొనితెచ్చిన మొక్కను ఉన్నపాటున గూట్లో పెట్టరాదు. పాతమట్టి దులిపి, వేళ్లు, ఆకులు కడిగి, కొత్త మట్టిలో నాటి కొన్ని వారాలు వేరుగా పెంచండి. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు మొక్క లోపలికే పాకుతుంది. అది వాడిన మొక్క ఎంత కడిగినా మేతకు తగదు. మందార అయితే ఇగ్వానా ఆకు, పువ్వు కూడా తింటుంది. గన్నేరు విషం, దగ్గరకు రానీయవద్దు. కుండీ పైన ఆ జంతువు తలకన్న పెద్దవైన గులకరాళ్లు పరచండి, మింగలేదు, తవ్వలేదు.

మరో మాట. పొలంలో కనబడిన నక్షత్ర తాబేలును, ఉడుమును ఇంటికి తెచ్చి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దాని చోట దానిని ఉండనివ్వండి. ఇగ్వానా వంటి విదేశీ జీవిని పెంచేవారు 2024 నిబంధనల ప్రకారం దానిని నమోదు చేయించుకోవాలి. ఆ గూటి మట్టి ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సరీసృపాల వల్ల సాల్మొనెల్లా అనే క్రిమి మనుషులకు సోకుతుంది. పసిపిల్లలను ఆ మట్టితో ఆడనీయవద్దు.

నర్సరీ సోదరులు ఒక్క పని చేస్తే చాలు. మందు, ఎరువు తగలని మట్టిని వేరే కుప్పగా పెట్టి, దానిలో పెంచిన మొక్కలకు గుర్తు కట్టండి. కొనేవాడు అడిగినప్పుడు "ఇందులో ఇది వేశాం, ఇది వేయలేదు" అని ఉన్నదున్నట్లు చెప్పండి. ఆ కుప్పలోని మట్టి మీ పెరటి కోళ్లు గీరుకునే చోట ఆకుకూర కుండీలకూ పనికొస్తుంది.