పోలీసు ఎదురైనప్పుడు మన చేతిలో ఏముండాలి?

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతులకు వచ్చిన కుర్రవాళ్లు ఒకమాట పదేపదే అడుగుతున్నారు. "దొర ఇంట్లో లైసెన్సు తుపాకి ఉంది. ఎస్సై నడుముకి రివాల్వరు ఉంది. మన చేతిలో ఏముంది?" అని. కోపంతో అడిగినా అది న్యాయమైన ప్రశ్నే. "ఓర్పు పట్టండి" అని చెప్పి పంపేస్తే వాళ్లు మన మాట వినరు. వినకూడదు కూడా. ఈ ప్రశ్న మనకంటే ముందు అమెరికాలో నల్లవాళ్లు అడిగారు. అడిగి ఊరుకోలేదు, చట్టప్రకారమే, నలుగురికీ కనబడేట్టు తుపాకి పట్టుకొని పోలీసుల ఎదుట నిలబడ్డారు. వాళ్లకు ఏమైంది, వాళ్ల పనిలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది ఇవాళ మాట్లాడుకుందాం.

ఓక్లాండ్ వీధుల్లో

కాలిఫోర్నియా రాష్ట్రంలో ఓక్లాండ్ అని ఒక రేవు పట్టణం. రెండో ప్రపంచ యుద్ధం నాడు ఓడలు కట్టే పనికని దక్షిణాది నుంచి నల్లవాళ్లు వేలాదిగా అక్కడికి వలస వచ్చారు. యుద్ధం అయిపోయాక ఆ పనులు పోయాయి. పోలీసు లాఠీ మాత్రం పోలేదు. పోలీసు శాఖలో దాదాపు అంతా తెల్లవాళ్లే. నల్లవాడు కారులో పోతుంటే ఆపడం, సోదా చెయ్యడం, కొట్టడం, ఎదురు మాట్లాడితే స్టేషనుకు లాక్కుపోవడం రోజువారీ సంగతి. మన వాడల్లో పోలీసు జీపు ఆగితే ఎట్లుంటదో మీకు చెప్పక్కర్లేదు.

1966 అక్టోబరులో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ అనే ఇద్దరు యువకులు అక్కడ బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. నల్ల చిరుతల పార్టీ. వాళ్లు రాసుకున్న పది డిమాండ్లలో ఏడోది పోలీసు దౌర్జన్యాలు, హత్యలు ఆగాలన్నది. న్యూటన్ చట్టం చదివినవాడు. చదివితే అతనికి ఒక సంగతి కనబడింది. అప్పటి కాలిఫోర్నియా చట్టంలో తుపాకి దాచిపెట్టుకొని తిరగడానికి పర్మిటు కావాలి. బాహాటంగా పట్టుకొని తిరగడానికి ఏ పర్మిటూ అక్కర్లేదు. 1791 నుంచి ఆ దేశ రాజ్యాంగంలో ఆయుధం ఉంచుకునే హక్కు రాసి ఉంది. తెల్లవాడు వాడుకుంటున్న హక్కునే మనమూ వాడుకుందాం అనుకున్నారు.

తుపాకులు కొనడానికి డబ్బులేవి? మావో సూక్తుల ఎర్ర పుస్తకాలు తక్కువ ధరకు కొని, పక్కనున్న బర్క్‌లీ విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఎక్కువ ధరకు అమ్మారు. ఆ లాభంతో తుపాకులు కొన్నారు.

తర్వాత రాత్రిపూట పోలీసు కార్ల వెనకాల వీళ్ల కారు తిరగడం మొదలైంది. పోలీసులు ఒక నల్లవాణ్ణి ఆపారనుకోండి. వీళ్లు కూడా కారాపి దిగేవాళ్లు. చట్టం చెప్పిన దూరంలో నిలబడేవాళ్లు. తుపాకి గొట్టం ఆకాశానికో నేలకో ఉండాలి, మనిషి మీదికి తిప్పితే నేరం. పోలీసు పనికి అడ్డం పోకూడదు. పొడుగు తుపాకి కారులో ఉండగా గొట్టంలో తూటా ఎక్కించి ఉండకూడదు. ఇవన్నీ వాళ్లకు కంఠతా వచ్చు. ఒకరి చేతిలో తుపాకి, ఇంకొకరి చేతిలో చట్టం పుస్తకం. పట్టుబడిన మనిషికి వినబడేట్టు అతని హక్కులు గట్టిగా చెప్పేవాళ్లు. అతన్ని తీసుకుపోతే వెనకాలే పోయి జామీను పెట్టించేవాళ్లు.

పోలీసు వచ్చి "ఆ తుపాకి ఇలా ఇవ్వు" అంటే న్యూటన్ ఇచ్చేవాడు కాదు. "నన్ను అరెస్టు చేస్తున్నావా? చెయ్యకపోతే దీన్ని అడిగే హక్కు నీకు లేదు" అనే ధోరణి. పేరు, చిరునామా చెప్పేవాడు. ఫోను నంబరు అడిగితే, రాజ్యాంగం ఐదో సవరణ ప్రకారం చెప్పక్కర్లేదని ఊరుకున్నాడట. బాబీ సీల్ తన పుస్తకంలో రాశాడు. చుట్టూ జనం పోగయ్యేవాళ్లు. పోలీసును చూస్తే తలుపులు మూసుకునే జనం వీధిలోకి వచ్చి నిలబడి చూశారు. నన్నడిగితే వాళ్లు సాధించిన పెద్ద గెలుపు అదే.

చట్టం ఎవరికోసం మారింది?

ఇప్పుడు రెండో సంగతి వినండి. వీళ్లు చట్టం తప్పలేదు కదా. మరి రాజ్యం ఏం చేసింది? చట్టాన్నే మార్చింది.

డాన్ మల్ఫోర్డ్ అనే శాసనసభ్యుడు 1967లో ఒక బిల్లు పెట్టాడు. తూటాలు నింపిన తుపాకి బహిరంగ స్థలంలో పట్టుకొని తిరగకూడదని. మే 2న బాబీ సీల్‌తో పాటు 30 మంది పాంథర్లు, అందులో ఆరుగురు ఆడవాళ్లు, రాజధాని శాక్రమెంటోకి పోయారు. చాలామంది తుపాకులతోనే పోయారు. నేరుగా శాసనసభ లోపలికి నడిచారు. మెట్ల మీద నిలబడి తమ ప్రకటన చదివారు. తిరిగి పోతుంటే అరెస్టులు. జులై చివరికల్లా ఆ బిల్లు చట్టమైపోయింది. సంతకం పెట్టింది గవర్నరు రోనాల్డ్ రీగన్. తుపాకి హక్కు అని గొంతు చించుకునే తెల్లవాళ్ల నేషనల్ రైఫిల్ అసోసియేషన్ కూడా ఆ చట్టాన్ని సమర్థించింది. ఇన్నేళ్లు లేని ప్రమాదం ఒక్క ఏడాదిలో ఎక్కడినుంచి వచ్చింది? తుపాకి మారలేదు. పట్టుకున్న చెయ్యి రంగు మారింది, అంతే.

ఆ తర్వాత జరిగింది కూడా దాచకుండా చెప్పాలి. 1967 అక్టోబరులో ఒక రాత్రి కాల్పుల్లో ఒక పోలీసు చనిపోయాడు, న్యూటన్‌కు తూటా తగిలింది, అతను జైలుకు పోయాడు. 1968 ఏప్రిల్‌లో పార్టీలో చేరిన మొదటి కుర్రవాడు బాబీ హట్టన్‌ను ఓక్లాండ్ పోలీసులు కాల్చి చంపారు. వాడికి 17 ఏళ్లు. 1969 డిసెంబరు 4 తెల్లవారుజామున చికాగోలో ఫ్రెడ్ హాంప్టన్‌ను పడకలోనే చంపారు. 21 ఏళ్లవాడు. ఆ ఇంటి పటం గీసి ఇచ్చింది పార్టీలో దూరిన ఎఫ్.బి.ఐ. మనిషి. తుపాకి చూపెట్టినందుకు రాజ్యం దానికి వందరెట్లు తుపాకులు తెచ్చింది. పైగా "వాళ్లు సాయుధులు" అని లోకానికి చెప్పుకోవడానికి దానికి సాకు దొరికింది.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. 2016 జులై 6న మిన్నెసోటా రాష్ట్రంలో ఫిలాండో కాస్టీల్ అనే నల్లవాణ్ణి పోలీసు కారులో ఆపాడు. అతని దగ్గర లైసెన్సు ఉన్న తుపాకి ఉంది. ఆ సంగతి అతనే మర్యాదగా చెప్పాడు. చెప్పిన కొద్ది సెకన్లలో కాల్చేశారు. మరుసటేడు జ్యూరీ ఆ పోలీసును విడిచిపెట్టింది. కాస్టీల్ చనిపోయిన మర్నాడే డాలస్‌లో ఊరేగింపు జరిగింది. టెక్సాస్ చట్టం ఒప్పుకుంటుంది కనుక ఒక నల్లవాడు భుజాన రైఫిలు వేసుకొని నడిచాడు. అక్కడ ఇంకెవరో పోలీసుల మీద కాల్పులు జరిపితే, ఇతని ఫోటో అనుమానితుడని పోలీసులు లోకమంతా చాటారు. అతను తన తుపాకి తానే పోలీసుకు అప్పగించి, నిర్దోషినని చెప్పుకోవలసి వచ్చింది. అదే 2020 ఏప్రిల్ 30న మిషిగన్ శాసనసభ భవనంలోకి లాక్‌డౌన్ వద్దంటూ తెల్లవాళ్లు రైఫిళ్లతో నడిచిపోయారు. ఒక్క తూటా పేలలేదు.

మన ఊళ్లో లెక్క

మన దేశంలో తుపాకి పట్టుకోవడం హక్కు కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. లైసెన్సు లేకుండా పట్టుకుంటే జైలే. ఆ లైసెన్సులు ఎవరి ఇళ్లలో ఉన్నాయో మీ ఊళ్లు మీకు తెలుసు. దొర చేతిలో తుపాకి హోదా. మనవాడి చేతిలో కొడవలి కూడా ఛార్జిషీటులో మారణాయుధం. బీహారులో 1997 డిసెంబరు 1 రాత్రి లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన 58 మందిని చంపింది. 2013లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది.

అయితే మనకు ఒక చట్టం ఉంది, దాన్ని మనవాళ్లు చాలామంది చూడలేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని కింద 1995లో నిబంధనలు వచ్చాయి. మూడో నిబంధన చదవండి. అత్యాచారం జరగొచ్చనుకున్న ప్రాంతాన్ని ప్రభుత్వం ముందే గుర్తించాలి. అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల తుపాకి లైసెన్సులు రద్దుచేసి, ఆ తుపాకుల్ని ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించవచ్చు. దొరవే కాదు, వాళ్ల దగ్గర బంధువులవి, పాలేర్లవి, నౌకర్లవి కూడా. దొంగ తుపాకులు పట్టుకోవాలి. ఎస్సీ, ఎస్టీల ప్రాణాలకు, ఆస్తికి రక్షణగా వాళ్లకు లైసెన్సులు ఇవ్వొచ్చు. ఇది నా మాట కాదు, సర్కారు రాసిన మాట.

అందులో ఒక మెలిక ఉంది. లైసెన్సుల దగ్గరల్లా "అవసరమనుకుంటే" అని రాశారు. అవసరమని అనుకునేది ఎవరు? అధికారి. మనం అడగకపోతే అతనికి ఎన్నడూ అవసరం అనిపించదు. కాబట్టి కుర్రవాళ్లకు నేను చెప్పేది: తుపాకి మాట ఎత్తాలంటే ముందు వాళ్ల తుపాకి దించమని కాగితం పెట్టండి. మన చేతిలో ఒక తుపాకి పెరిగితే ఊరంతా మీద పడుతుంది, ఓక్లాండ్ చెప్పింది అదే. వాళ్ల ఇంట్లో నాలుగు తగ్గితే మన పిల్లలు నిద్రపోతారు.

ఏది నిలిచింది?

పాంథర్ల నుంచి మనవాళ్లు నేర్చుకున్నారు. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ధసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే వంటివాళ్లు దళిత పాంథర్స్ పెట్టారు. పేరు తీసుకున్నారు, తెగువ తీసుకున్నారు. తుపాకి తీసుకోలేదు. తెలివితక్కువై కాదు.

ఆలోచించండి. ఓక్లాండ్‌లో పోలీసు ఎదుట మూడు ఉన్నాయి: తుపాకి, చట్టం పుస్తకం, జనం కళ్లు. తుపాకిని తొమ్మిది పది నెలల్లో రాజ్యం లాగేసుకుంది. మిగిలిన రెండింటిని లాగలేకపోయింది. 1967 ఏప్రిల్‌లో వాళ్లు నాలుగు పేజీల పత్రిక తెచ్చారు, పోలీసులు చంపిన ఒక యువకుడి గురించి. ఆ పత్రిక ఏళ్ల తరబడి దేశమంతా తిరిగింది. 1969 నుంచి చర్చిల్లో పిల్లలకు పొద్దున్నే తిండి పెట్టారు. చివరికి 2020లో మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టినప్పుడు ఆ పోలీసుకు శిక్ష పడేట్టు చేసింది ఏమిటి? దూరంగా నిలబడి, అడ్డం పోకుండా, కన్ను తిప్పకుండా ఫోనులో తీసిన 17 ఏళ్ల ఆడపిల్ల. ఆమె నిలబడ్డ పద్ధతి ఓక్లాండ్ పద్ధతే. తుపాకి ఒక్కటే లేదు.

మన దగ్గర సాక్షి ఖరీదు తెలియనిదా? 1985లో కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తర్వాత సాక్షి దుడ్డు అలిశమ్మను కూడా చంపారు. సాక్షికి భయపడతారు గనకే చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు కొట్టేసింది. చనిపోయిన సమయం, చోటు, కొట్టింది ఎవరన్నది ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేదంది. ఆ తీర్పును మనం ఒప్పుకోం. ప్రాణభయంతో పొలాల్లో పరుగెత్తేవాడు గడియారం చూస్తాడా? కాని పాఠం మాత్రం తీసుకోవాలి. సమయం, చోటు, పేరు. ఈ మూడూ రాసిపెట్టడం మన పని.

వాడకి జీపు వస్తే

ప్రతి వాడలో ఐదుగురుండాలి, అందులో ఇద్దరైనా ఆడవాళ్లు. జీపు రాగానే ఇంట్లో దూరకుండా బయటికి రండి. దూరంగా నిలబడండి. తిట్టొద్దు, చెయ్యి వెయ్యొద్దు, చేతిలో కర్ర కూడా ఉండొద్దు. ఒకరు సమయం, జీపు నంబరు, పోలీసుల చొక్కా మీద పేర్లు రాయాలి. ఒకరు ఫోనులో తీసి, వెంటనే వేరే ఊళ్లో ఉన్న ఇద్దరికి పంపాలి. ఫోను గుంజుకున్నా తీసింది పోకూడదు.

మనిషిని తీసుకుపోతుంటే ఎక్కడికి, ఏ కేసులో అని అడగండి. అరెస్టు కాగితం రాయాలి, దాని మీద ఇంటివాళ్లో వాడలోని పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, బంధువుకు తెలియజెయ్యాలి. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పుడది చట్టంలోనే ఉంది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, రాజ్యాంగం 22వ అధికరణం. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో ఇల్లు సోదా చేస్తే పోలీసులే వీడియో తియ్యాలి. "వీడియో ఏది సార్?" అని అడగండి. మన ఫిర్యాదు తీసుకోకుండా నిర్లక్ష్యం చేసే అధికారి మీద అత్యాచారాల చట్టం నాలుగో సెక్షను ఉంది. ఆ సెక్షను పేరు చెప్పడానికి నోరు పెగలాలి, అంతే.

ఇదంతా చేస్తే దెబ్బలు పడవని నేను హామీ ఇవ్వను. ఫోను పగలగొడతారు, మీ మీదే కేసు పెడతారు. కాని చీకట్లో ఒక్కణ్ణి కొట్టినంత సులువుగా, 20 మంది కళ్ల ముందు పేర్లు రాస్తుంటే కొట్టలేరు. అడ్డు పడింది ఒక్కసారైనా ఆ మనిషి బతుకుతాడు.

తిరిగి వెళ్లాక రెండు పనులు చెయ్యండి. మీ ఊళ్లో లైసెన్సు తుపాకులు ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో లెక్క తీసి, వాడలో గొడవ ఉంటే మూడో నిబంధన కింద కలెక్టరుకు అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. ఐదుగురి పేర్లు ఖాయం చేసి, వాళ్ల చేత ఈ కాగితం పైకి చదివించండి. చదువు రానివాళ్లకు కంఠతా పట్టించండి. వచ్చే తరగతికి రసీదులు తీసుకొని రండి.

జై భీమ్.