పసుపు ఆరబోత
(కందకుర్తి రైతుసభలో చేసిన ప్రసంగ పాఠము)

గోదావరీ మంజీరలతో ఇచ్చట కలియు మూడవ నదికి మన పెద్దలు హరిద్ర యని పేరిడిరి. హరిద్ర యనగా పసుపే. ఆ పసుపునకై 2025 జనవరి 14వ తేదీన ఇందూరులో జాతీయ బోర్డు ప్రారంభమైనది. సంతోషమే. అయినను తడి పసుపునకు ఏ బోర్డును మంచి ధర తేజాలదు.

త్రవ్విన దుంపను రెండు మూడు దినములలో ఉడికింపవలెను. నురుగు పొంగి, తెల్లని ఆవిరితో పసుపు వాసన వచ్చునప్పుడు పుల్ల గ్రుచ్చి చూడుడు. సులువుగా దిగినచో దింపుడు. అతిగా ఉడికిన రంగు చెడును, చాలకున్న కొమ్ము పెళుసగును. పిమ్మట కాడిని, గోళను వేరువేరుగా, రెండు మూడంగుళముల మందమున ఎండలో పోయవలెను. త్వరగా ఎండునని మరీ పలుచగా పోయకుడు, రంగు వెలియును. రాత్రివేళ కుప్ప చేసి కప్పవలెను. పది పదునైదు దినములకు తేమ నూటికి పదిపాళ్ళకు దిగును. అప్పుడు కొమ్ము విరిచిన ఠక్కున మ్రోగును.

వడ్డీ తరుముచుండగా అన్ని దినములు ఆగుట ఎట్లని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అప్పుపత్రముల గడువులు వకీళ్ళమైన మేమెరుగనివి కావు. కళ్ళము లేని కౌలుదారు తారురోడ్డుమీదనే ఆరబోయవలసి వచ్చుచున్నది. దుమ్ము, బండ్లచక్రములు, అకాలవర్షము, అన్నియు అతని పంటమీదనే. కావున ఊరికొక సిమెంటు కళ్ళమును, కప్పుటకు టార్పాలినులను బోర్డువారినుండి కోరవలెను. మహజరు వ్రాసి తెచ్చితిమి. పోవుటకు ముందు చేవ్రాళ్ళు చేయుడు. కౌలుదారులను ముందు పిలువుడు.