సున్నం కొట్టకముందు ఒక మాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బడి పాత బ్లాకుకు పుట్టీ పెట్టి రంగులు వేయించడానికి సంఘం చందాలు పోగుచేస్తోంది. నా వంతు నేనూ ఇస్తాను. ఈలోగా అమెరికాలో నేను చూసిన ఒక ఇంటి సంగతి చెప్పనివ్వండి.

సౌత్ కరోలినాలో చార్ల్స్‌టన్ దగ్గర, యాష్లీ నది ఒడ్డున డ్రేటన్ హాల్ ఉంది. జాన్ డ్రేటన్ అనే భూస్వామి 1740లలో కట్టించాడు. అప్పటికి అమెరికా దేశమే పుట్టలేదు, అది ఇంగ్లీషువారి వలస. ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో పద్ధతిలో ఎర్ర ఇటుకల గోడలు, ముందు రెండంతస్తుల స్తంభాల వసారా, కుడి ఎడమలు తూచినట్టు సమానం. రెండు యుద్ధాలను తట్టుకుంది. పక్కనున్న రెండు చిన్న భవనాల్లో ఒకటి 1886 భూకంపంలో, ఇంకొకటి 1893 తుపానులో పోయాయి.

లోపలికి వెళితే ఒక్క కుర్చీ ఉండదు. కరెంటు లేదు, కొళాయి లేదు. ఒక గది పైకప్పు మీది పూలూ లతలూ తడి గచ్చు ఆరకముందే చేత్తో దిద్దినవి. తలుపు చట్రం మీద ఆ ఇంటి పిల్లల ఎత్తులు గీతలు గీసి ఉన్నాయి. నేను ఎక్కువసేపు నిలబడింది అక్కడే.

డ్రేటన్లు ఏడు తరాలు ఏలిన ఆ ఇల్లు 1974లో నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది. కొత్తగా మెరిపించవచ్చు, కట్టిన నాటి రూపానికి తిప్పవచ్చు. అలా చేస్తే తర్వాతివాళ్ల గుర్తులు, ఆ గీతలతో సహా, చెరిగిపోతాయి. అందుకని కూలకుండా నిలబెట్టి, మిగతాది ఉన్నదున్నట్టు వదిలేశారు.

ఆ వైభవమంతా వరి, నీలిమందు పండించిన ఆఫ్రికా బానిసల కష్టం. దొరల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఇంటికి దగ్గరలోనే చెట్ల మధ్య ఆ కష్టజీవుల శ్మశానం ఉంది, చాలా సమాధులకు రాయి కూడా లేదు. దాన్నీ చదును చేయకుండా అలాగే ఉంచారు.

కాబట్టి కమిటీవారికి నా విన్నపం. కారే పైకప్పు తప్పకుండా బాగుచేయండి, పిల్లలు కూర్చునే చోటు. పదో తరగతి గది తలుపు మీద మనం కాంపాసు ముల్లుతో చెక్కిన పేర్లను మాత్రం చిత్రిక పట్టించకండి. ఆ గోడలు కట్టిన మేస్త్రీలు, ఇటుకలు మోసిన ఆడవాళ్లు ఎవరో ఊళ్లో పెద్దవాళ్లకు ఇంకా గుర్తుండొచ్చు. పెయింటరును పిలిచేలోగా వాళ్లను అడిగి ఆ పేర్లు రాయించి పెట్టండి. ఆ పని నేనే చేస్తాను, నాతో ఇద్దరు రండి.