ఇంటి పనులలో కలుగు నష్టమునకు బీమా: పొరుగు గోడకు మన పూచీ

(నేతవాడ సభలో చేసిన ప్రసంగపు పాఠము)



ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు ఊరక అనలేదు. నేడు మన పూర్వభాగమున అశోక్ చౌక్ మొదలుకొని సాఖర్ పేఠ వరకు ఏ సందులో నడచినను ఒక రేకుల యిల్లు పడగొట్టబడుచునో, దాని స్థానమున స్లాబు మేడ లేచుచునో కనబడును. తాతలు నిజాము రాజ్యపు తెలుగు తాలూకాలనుండి వచ్చి, గుంతమగ్గము వేసికొనుటకు చాలినంత చోటు సంపాదించిరి. తండ్రులు ఆ చోటనే మరమగ్గములు నిలిపిరి. కుమారులు దానిపై అంతస్తు వేయుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే మన యిండ్లు ఒకదాని భుజముపై ఒకటి చేయి వేసి నిలిచినవి. పెక్కుచోట్ల ఇద్దరికిని గోడ యొక్కటే. ఒకరు పునాది త్రవ్విన రెండవవారి మగ్గము కదలును. ఈ సాయంకాలము మేము మనవి చేయదలచినది ఆ సంగతినిగూర్చియే.

ఒక కుటుంబమును ఊహింతము. ఇంటివాడు నాలుగు మరమగ్గములపై తువ్వాళ్ళు నేయుచున్నాడు. ఇంటివారు బీడీలు చుట్టుచున్నారు. ప్రక్కవాడు అయిదడుగుల లోతు త్రవ్వినాడు. రాత్రి వాన కురిసినది. తెల్లవారునప్పటికి గోడ ఒరిగి, నేల క్రుంగి, మగ్గములు సమము తప్పినవి. బీమునందలి పడుగు తెగినది, నూలు తడిసినది. గోడ బాగుచేయుటకు ఒక ఖర్చు, మగ్గములను మరల సరిచేయుటకు ఒక ఖర్చు, పని నిలిచిన దినముల కూలి వేరు. ఈ సొమ్ము ఎవరీయవలెను? ప్రక్కవాడు చెడ్డవాడు కాడు. కాని అతడు అప్పుచేసి యిల్లు కట్టుచున్నాడు. అతని చేతను చిల్లిగవ్వ లేదు. ఇట్టిచోటనే ముప్పది యేండ్ల స్నేహము కోర్టు మెట్లెక్కును.

మొదట చట్టము చెప్పునది విందము. 1882వ సంవత్సరపు భారత ఈజ్‌మెంట్ల చట్టము 1891లో బొంబాయి రాష్ట్రమునకు విస్తరింపబడినది. మన సోలాపురమునకును అదియే వర్తించును. ప్రక్క నేల తన నేలకు సహజముగా నిచ్చు ఆధారమును పొందు హక్కు ప్రతి భూస్వామికి కలదని ఆ చట్టము చెప్పుచున్నది. అది నేల మాట. నేలమీది కట్టడము 20 ఏండ్లు శాంతియుతముగా, అంతరాయము లేక, హక్కుగా ప్రక్క నేల ఆధారమును పొందియున్నచో, దానికిని అట్టి హక్కు సిద్ధించును. మనలో అనేకులు తరములుగా నున్నవారు. కావున పొరుగు గోడ క్రింది మట్టిని తీసివేసి, నా స్థలములో నేను త్రవ్వితినని చెప్పుట చెల్లదు.

ఇక బీమా సంగతి. మా యింటికి బీమా యున్నది గదా యని కొందరు నిశ్చింతగా నున్నారు. వారు ఆ పత్రమును విప్పి చూడవలెను. 2021 ఏప్రిల్ 1నుండి మన దేశమున నివాసగృహములకు భారత్ గృహ రక్ష అను ఒకే తీరు పాలసీ అమలులో నున్నది. అగ్ని, భూకంపము, తుపాను, వరద మొదలగువానితోపాటు బయటి వస్తువు వచ్చి తాకుటవలన కలుగు నష్టమును అది భరించును. కావున ప్రక్కవాని గోడ కూలి మన కప్పుపై బడినచో ఆ పాలసీ క్రింద అడుగవచ్చును. కాని నేల క్రుంగుటకు కారణము త్రవ్వకము, కూల్చివేత, కట్టడము లేక మరమ్మతు అయినచో ఆ నష్టమును చెల్లింపమని అందే స్పష్టముగా వ్రాసియున్నది. గోడ మీద పడిన సొమ్ము వచ్చును. గోడ క్రింద మన్ను జారిన రాదు. ఈ భేదమును మనము కంఠస్థము చేయవలెను.

మరియొక మాట. ఆ పాలసీ నివాసమునకే గాని వ్యాపారమునకు గాదు. ఇంట మగ్గములు, నూలు, నేసిన సరకు ఉన్నచో వానికి వేరు పాలసీ కావలెను. ఒక చోటనున్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయలు మించని చిన్న పనివారికి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనునది అదే దినమునుండి ఏర్పడినది.

మరి త్రవ్వకపు నష్టమునకు దిక్కేది? కట్టువాడు తీసికొనవలసిన బీమా యొకటి గలదు. దానిని కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్ పాలసీ యందురు. అందు రెండు భాగములు. మొదటిది కట్టుచున్న పనికి హఠాత్తుగా కలుగు నష్టమునకు. రెండవది ఆ పనివలన ఇతరుల దేహమునకు గాని ఆస్తికి గాని హాని కలిగినప్పుడు మనపై బడు బాధ్యతకు. పేరు ఆల్ రిస్క్స్ అయినను అన్ని అపాయములును అందు లేవు. ముఖ్యమైనవి అయిదు చెప్పెదము.

ఒకటి: అదరుటవలన గాని, ఆధారము తొలగుటవలన గాని పొరుగు కట్టడమునకు కలుగు నష్టము సాధారణ పాలసీలో చేరదు. దానికై ప్రత్యేకమైన అనుబంధమును అడిగి, అదనపు ప్రీమియము కట్టి వ్రాయించుకొనవలెను. మన సందులలో కట్టువానికి అసలు కావలసినది ఇదియే. ఆ అనుబంధముకూడ కట్టడము పూర్తిగా గాని కొంతగా గాని కూలినప్పుడే పనిచేయును. కట్టడపు బలమునకు భంగము కలిగింపని పైపై బీటలకు ఏమియు రాదు.

రెండు: మన సొంత ఆస్తి ఇతరుల ఆస్తి కాదు. క్రింద మగ్గములు ఆడుచుండగా పైన అంతస్తు వేయువారు, ఆ పాత భాగమును మగ్గములను పేరు పేరున చేర్పించవలెను.

మూడు: విలువను తగ్గించి వ్రాయింపరాదు. 20 లక్షల పనిని 10 లక్షలకే బీమా చేయించి, 2 లక్షల నష్టము వచ్చినచో, దక్కునది సగమే. అందును మినహాయింపు మొత్తము పోవును. మనము కొనియిచ్చు ఇనుము, సిమెంటు విలువయు లెక్కలోనికి రావలెను.

నాలుగు: పని నిలిచిపోయినచో నిలుచుటవలన కలుగు నష్టమును కంపెనీ భరింపదు. మనవారు స్లాబువరకు కట్టి, సొమ్ము చాలక ఆపి, సరకు అమ్మిన పిమ్మట మరల మొదలు పెట్టుదురు. ఆపినప్పుడెల్ల కంపెనీకి వ్రాసి, వారి సమ్మతిని వ్రాతలో పొందుట మేలు. గడువు ముగియకముందే పొడిగించుకొనవలెను.

అయిదు: తప్పు నక్షా, చెడు సామగ్రి, చేతకాని పని, వీనిని సరిదిద్దు ఖర్చు బీమాలో రాదు. బీమా మేస్త్రీకి ప్రత్యామ్నాయము కాదు.

మనలో పెక్కురు సామగ్రి తామే తెచ్చి, మేస్త్రీకి కూలి మాత్రమే మాటాడుకొందురు. కావున పాలసీ యజమాని పేరనే గాక మేస్త్రీ పేరనుకూడ నుండవలెను. కూలివారికి తగులు గాయములకు ఈ పాలసీ ఉపయోగపడదు; దానికి వేరు బీమా చేయింపవలెను.

ఇప్పుడు చేయవలసిన పని. మన నేల నల్లరేగడి. వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. కావున ఏ త్రవ్వకము లేకయే గోడలు బీటలు వారును. నష్టము జరిగిన పిదప ఇది పాత బీటయా, క్రొత్త బీటయా యను తగవే అన్నిటికంటె పెద్దది. అందుచే పునాదికి ముహూర్తము పెట్టుటకు ముందే ఇరుగుపొరుగు ఇండ్ల గోడలకు తేదీతోకూడ ఫోటోలు తీయించి, బీటల పొడవు వ్రాసి, ఉభయులును సంతకము చేసి చెరియొక ప్రతి ఉంచుకొనవలెను. ఆ అనుబంధమునకుకూడ పొరుగు కట్టడపు స్థితినిగూర్చిన నివేదిక పనికి ముందే సిద్ధము చేయవలెనను నియమమున్నది. ఇది అనుమానమునకు గుర్తు కాదు, స్నేహమునకు రక్ష. పొరుగు గోడవెంట పునాదిని ఒక్కుమ్మడిగా గాక ముక్కలు ముక్కలుగా త్రవ్వి, ఆనికలు పెట్టి, వానకాలమునకు ముందే పూడ్చవలెను.

నష్టము జరిగినచో వెంటనే కంపెనీకి తెలుపుడు. సర్వేయరు చూచువరకు శిథిలములను కదల్పకుడు. మరింత నష్టము కాకుండ ఆపుటకు కావలసినంత మాత్రము చేయుడు. పొరుగువారిని ఓదార్చుట మానవధర్మము. కాని కంపెనీ సమ్మతి లేక, ఇంత యిచ్చెదమని పత్రము వ్రాసియిచ్చినచో మన హక్కు పోవచ్చును. కంపెనీ న్యాయము చేయక పోయినచో మొదట వారికే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. నెల దాటినను తృప్తికరమైన జవాబు రానిచో గృహస్థులు పూనాలోని బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండ మొర పెట్టుకొనవచ్చును.

ఈ పత్రములు ఇంగ్లీషులో నుండును. మన పెద్దలకు ఇంట తెలుగు, బజారున మరాఠీ. ఏజెంటు నోటిమాటను నమ్మి సంతకము చేయరాదు. మన పిల్లలు చదువుకొన్నారు. వారిచే మినహాయింపుల పుటను ముందుగా చదివించి, అర్థము చెప్పించుకొని, పిదప సంతకము చేయుడు.

చివరి మాట. బీమా ఇచ్చునది సొమ్ము మాత్రమే. చిన్న బీటలకు అదియు నీయదు. కావున ఇల్లు కట్టువాడు తన అంచనాలో పొరుగు గోడ మరమ్మతుకని కొంత సొమ్ము ముందే ప్రక్కన పెట్టుకొనవలెను. నేతగానికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క పోగు తెగినప్పుడే ముడివేసినచో బట్ట నిలుచును. చూడనట్లు నేసినచో గజములకొలది చెడును. ఈ సంవత్సరము గడ్డపార ఎత్తు ప్రతివాడును, ముందుగా పొరుగువాని గడప త్రొక్కి, ఆ ఫోటోల పత్రముపై సంతకములు చేయించుకొనవలెనని మా ప్రార్థన.