యాత్రలో సరసము



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము విని మీలో కొందరు నవ్వవచ్చును. కొందరు ముఖము చిట్లింపవచ్చును. పురాతన నగరములను చూడబోయినపుడు అపరిచితులైన స్త్రీపురుషుల నడుమ కలుగు పరిచయమును గూర్చియు, వారాడుకొను సరసపు మాటలను గూర్చియు ముచ్చటింపదలచితిని. ఇది పడుచువారి విషయము గదా, మనకేల యందురేమో. పడుచువారిని యాత్రకు పంపవలెనా, వలదా యని నిర్ణయించువారము మనమే. కావున నిది మన విషయమే.

సరసమన్న మాటకు రసముతో గూడినదని యర్థము. మన భాషలో నిది చెడ్డ మాట కాదు. బావామరదండ్రు, వదినామరదులు ఆడుకొను పరిహాసములు లేని పెండ్లి మన యిండ్లలో నున్నదా? వియ్యాలవారిపై పాటలు కట్టి పెండ్లిపందిటిలో పాడిన తల్లులు మనకు లేరా? అయితే ఆ సరసమునకు వరుస యనెడి హద్దు కలదు. ఎవరితో నాడవచ్చునో, ఎవరితో నాడరాదో వరుసయే చెప్పును. యాత్రలో నెదురైనవారితో మనకు వరుస లేదు. వారి ఊరు తెలియదు, పేరు తెలియదు. వరుస లేని చోట హద్దును చెప్పువారెవరు? నేను మీ ముందుంచదలచిన ప్రశ్న యిదియే.

మా మనుమరాలు పట్టణమున కళాశాలలో చదువుచున్నది. గడచిన మార్గశిరమున ఇరువురు స్నేహితురాండ్రతో గూడి హంపి చూడబోదునని తలిదండ్రుల నడిగెను. మా కుమారుడు మౌనము వహించెను. మా కోడలు మాత్రము వలదని గట్టిగా చెప్పెను. “దేశదేశాల జనం వచ్చే చోటు. ఎవరెలాంటివారో ఎవరికి తెలుసు?” అని యామె భయము. ఆ భయము నిరాధారమని నేననను.

హంపికి పరదేశీయుల రాక క్రొత్త గాదు. తెలుగున ఆముక్తమాల్యదను రచించిన శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వరకు ఏలిన నగరమది. అంతకు ముందే, 1443లో, హిరాతు ప్రభువైన షారుఖ్ పంపగా అబ్దుర్ రజాక్ అను రాయబారి యచ్చటికి వచ్చెను. సుమారు 1520లో వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ ఆ నగరము రోమునగరమంత పెద్దదిగా తనకు తోచినదని వ్రాసెను. సుమారు 1535లో నచట నుండిన నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు, రాజు కొలువున కుస్తీ పట్టు స్త్రీలును, జ్యోతిషము చెప్పు స్త్రీలును, వ్యయముల లెక్కలు వ్రాయు స్త్రీలును గలరని వ్రాసిపెట్టెను. ఈ సంగతి నేను మా కోడలికి చెప్పగా నామె, “లెక్కలు రాసే పిల్లకి కుస్తీ కూడా వచ్చి ఉంటే నాకీ దిగులెందుకు మామయ్యగారూ?” అనెను. నాకు బదులు తోచలేదు. తుదకు నేను వెంట పోవు నొడంబడిక మీద పిల్లకు సెలవు దొరకెను.

హోసపేటలో రైలు దిగి ఆటోలో 13 కిలోమీటర్లు పోయినచో హంపి చేరుదుము. 1565లో జరిగిన యుద్ధానంతరము ఆ నగరము కొల్లగొట్టబడి పాడుపడెను. 1986లో యునెస్కో సంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చెను. నేడు వీధులలో మన వేళ్ళపై లెక్కింపజాలనన్ని భాషలు వినవచ్చును.

మొదట విరూపాక్షస్వామిని సేవించితిమి. ఆలయములో నొక చీకటి మండపమున చిన్న రంధ్రము గుండ వెలుగు ప్రవేశించి, తూర్పు గోపురపు బొమ్మ యెదుటి గోడపై తలక్రిందులుగ పడును. వెలుగు తిన్నగ పోవును గనుక గోపురపు శిఖరమునుండి వచ్చునది గోడ క్రిందికిని, పాదమునుండి వచ్చునది పైకిని చేరును. ఇంతకంటె నందులో మాయ లేదు. నేను తల యెత్తి దానిని చూచుచుండగా నా భుజముపై కండువా జారి నేలబడెను. తడబడి యెత్తుకొనుచుండగా ప్రక్కనున్న యొక పెద్దామె నవ్వి, “గోపురమే తలకిందులైన చోట మీ కండువా జారితే తప్పేముందండీ?” అనెను. ఆమె బళ్ళారివారు, చెల్లెలితో యాత్రకు వచ్చిరి, నా యీడువారే. “గోపురానికి పట్టుకునే చేతులు లేవు. నాకు రెండు ఉండీ లాభం లేకపోయింది” అంటిని. ఆ యక్కచెల్లెండ్రిద్దరును నవ్విరి, నేనును నవ్వితిని. మా యిల్లాలు గతించి తొమ్మిదేండ్లైనది. అట్టి నవ్వు నాకు మరల వచ్చునని నేననుకొనలేదు. వారు వేరొక ద్వారమున పోయిరి, మేము తూర్పున వచ్చితిమి. అంతే. ఈ ముచ్చటలో నెవరికేమి కొరత కలిగెను? పైగా నేను పది దినములు తేలికగ నుంటిని.

మరునాడు విఠ్ఠలాలయమునకు పోయితిమి. అచ్చటి రాతి రథపు బొమ్మ 2017లో వచ్చిన ఏబది రూపాయల నోటుపై నున్నది. మీ జేబులో నున్నచో తీసి చూడుడు. ఒక కన్నడ యువకుడు ఆ నోటును రథమునకెదురుగ పట్టి పోల్చి చూచుచుండెను. అతనికి తెలుగు కొంత వచ్చును. రథము ముందు నేడు ఏనుగుల బొమ్మలున్నవి. పూర్వము గుఱ్ఱములుండెడివని చెప్పుదురు. అతడు మా పిల్లలు వినునట్లు, “గుర్రాలు పోయి ఏనుగులు వచ్చాయి. అందుకే రథం కదలడం లేదు” అనెను.

మా మనుమరాలు, “కదిలిపోయి ఉంటే మీరు ఇంత దూరం వచ్చి ఏం చూసేవారు?” అనెను.

“వచ్చింది రథం కోసమే. ఇంతసేపు ఆగింది మాత్రం దాని కోసం కాదు” అని యతడనెను.

నేను కొంచెము దగ్గితిని. ఆమె నావంక చూడనైన చూడక, “అయితే మీరూ ఆ ఏనుగుల జాతేనన్నమాట. తోలితే గానీ కదలరు!” అనెను. చుట్టునున్నవారెల్ల నవ్విరి. ఆ యువకుడు అందరికంటె నెక్కువగ నవ్వి, చేతులు జోడించి, తన మిత్రులతో ముందునకు సాగెను. సాయంకాలము కమలమహలు వద్ద మరల నెదురైనపుడు దూరమునుండియే చేయి యెత్తెను, ఈమెయు నెత్తెను. పేరడుగలేదు, ఫోను నంబరడుగలేదు. వెంట రాలేదు.

ఆ సాయంకాలమే హేమకూటము కొండపై మరియొకటి చూచితిని. సూర్యాస్తమయము చూచుటకు జనము బండలపై కూర్చుండిరి. ఒక పరదేశపు యువతి ఒంటరిగ కూర్చుండి కాగితముపై మండపమును చిత్రించుచుండెను. ఒకడు ఆమె ప్రక్కకు చేరి, ఏ దేశమనియు, పేరేమనియు, ఎచ్చట బస యనియు నడుగసాగెను. మొదట నామె ఒక్కొక్క మాట బదులు చెప్పెను. పిదప తల యూపెను. పిదప నదియును మానెను. అతడు మానలేదు. ఆమె లేచి వేరొక బండకు మారగా వెంట పోయి, ఫోను తీసి ఆమె ఫోటోలు తీయసాగెను. అప్పటికామె ముఖమున వెఱపు స్పష్టముగ కానవచ్చుచుండెను.

నేను లేవబోవుచుండగనే మా మనుమరాలు స్నేహితురాండ్రతో పోయి, పాత పరిచయము గలదానివలె ఆమె నాంగ్లమున పలుకరించి, ముగ్గురును ఆమె చుట్టు కూర్చుండిరి. నేను పోయి అతనికెదురుగ నిలిచి, ఆ ఫోటోలు తుడిచివేయుమంటిని. కొందరు యాత్రికులును మా వైపు తిరిగిరి. అతడు గొణుగుచు ఫోటోలు తుడిచి దిగిపోయెను. ఆ యువతి చాలసేపటివరకు మా పిల్ల చేయి విడువలేదు.

బసకు వచ్చుచు పిల్ల నన్ను, “తాతయ్యా, ఇద్దరినీ చూశారు కదా. ఇద్దరూ మగవాళ్ళే, ఇద్దరూ ముందుగా పలకరించినవాళ్ళే. తేడా ఎక్కడుందంటారు?” అని యడిగెను. “నువ్వే చెప్పు” అంటిని. “మొదటివాడు నా జవాబు విన్నాడు. రెండోవాడు ఆమె మౌనం వినలేదు” అనెను.

పెద్దలారా, వరుస లేని చోట హద్దెవరు చెప్పుదురని మొదట నడిగితిని గదా. ఎదుటివారి బదులే చెప్పును. మాటకు మాటయు, నవ్వుకు నవ్వును వచ్చుచున్నంతవరకే సరసము. బదులు కురుచయైనచో మనము తగ్గవలెను. బదులు లేనిచో మనము లేవవలెను. లేచి పోయినవారి వెంటబడుట సరసము గాదు, వేటాడుట. బస యెచ్చటనని అపరిచితను అడుగరాదు. అడుగక ఫోటో తీయరాదు. విఠ్ఠలాలయమున మీటిన పలుకు స్తంభములు కలవు. వానికి హాని కలుగకుండుటకై యిపుడు వానిని మీటుట నిషేధించిరి. రాతికే యంత మర్యాద చేయు మనము మనుష్యులకు చేయవలదా?

దీనికి చట్టమును గలదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను ప్రకారము, ఇష్టము లేదని స్త్రీ స్పష్టముగ తెలిపినను పురుషుడు పలుమారు వెంటబడి పరిచయమునకు యత్నించుట నేరము. మొదటిసారికే మూడేండ్లవరకు చెఱయు, జరిమానాయు గలవు. ఆపద కలిగినపుడు 112 నంబరునకు ఫోను చేయవచ్చును. ఈ రెండు సంగతులును మన యాడపిల్లలకే గాక మగపిల్లలకును తెలియజెప్పుడు. మగపిల్లలకు చెప్పుట మరింత యవసరము. వెంట తోడు పంపవలసినది ఆడపిల్లకని తలచుచున్నాము. బుద్ధి చెప్పి పంపవలసినది మగపిల్లవానికి గదా!

పిల్లను ఇంట నుంచినచో హేమకూటముపై చూచినవాడెదురు కాడు; నిజమే. కాని రథమునొద్ద మాటకు మాట చెప్పి నవ్వించిన మా పిల్లనును నేను చూచియుండను. వెఱచిన పరదేశి ప్రక్కకు పోయి కూర్చుండిన పిల్లనును చూచియుండను. ఇంట నుంచి కాపాడదలచిన పిల్ల పరుల ఊరిలో మరియొకరిని కాపాడెను.

ఇంటికి వచ్చి జరిగినదంతయు, నా కండువా సంగతితో సహా, మా కోడలికి చెప్పితిని. ఆమె చాలసేపు ఊరకుండి, “ఈసారి అజంతా వెళతానంటోంది. మీకు మోకాళ్ళ నొప్పులు కదా, మీరు వెళ్ళనక్కరలేదులెండి” అనెను. మా పిల్ల వచ్చు మాఘమున స్నేహితురాండ్రతో అజంతాకు పోవుచున్నది. నేను రైలు స్టేషనువరకు మాత్రమే పోదును.

మీ యిండ్లలోను అట్టి కోరిక వినవచ్చినపుడు, వలదనుటకు ముందు పిల్లలను ప్రక్కను కూర్చుండబెట్టుకొని ఈ హద్దును గూర్చి ముచ్చటింపుడు. పిదప పంపుడు.

సెలవు.