పదకొండు నెలల ఒప్పందము

ఇంగ్లండునందు లీజుపై కొనిన ఫ్లాటుకు గడువు పొడిగించుకొను పద్ధతి కలదు; హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లలో ఫ్లాటు కొన్నవారికి సాధారణముగా స్థలములోనే అవిభాజ్య వాటా సంక్రమించును గనుక, ఇచ్చట గడువు చింత అద్దెకున్నవారిదే.

ఏడాది దాటని లీజుకు రిజిస్ట్రేషన్ అక్కరలేదను 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టమును నమ్మి, మనవారు పదకొండు నెలలకే కాగితము వ్రాసికొందురు. కాని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 1999లో వచ్చిన సవరణతో ఆ మినహాయింపు తొలగి, వ్రాతపూర్వకమైన లీజు ఎంత స్వల్పకాలమునకైనను రిజిస్టరు కావలసినదే. ఈ సంగతి చాలమంది యజమానులకే తెలియదు!

గడువు తీరిన పిదప యజమాని అద్దె పుచ్చుకొనెనేని, వేరు ఒడంబడిక లేనిచో, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 116వ సెక్షను ననుసరించి నివాసపు లీజు నెలనెలకు కొనసాగినట్లే. దానిని ముగించుటకు సామాన్యముగా పదునైదు దినముల నోటీసు చాలును. కావున కోచింగు కేంద్రముల నడుమ ఇల్లు దొరకుటయే గగనమైన దిల్‌సుఖ్‌నగర్‌లో, పాత కాగితమును నమ్ముకొని కూర్చుండక, అద్దె యెంత పెరుగునో, అడ్వాన్సులో సున్నపు ఖర్చు మినహాయింతురో లేదో ముందే వ్రాయించుకొనుడు. అద్దె రశీదులను మాత్రము పారవేయకుడు, ఎల్.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుకు ఎక్కవలసివచ్చిన నాడు వకీలు మొదట అడుగునవి అవియే.