పొత్తు కుదిరే రోజే వాటా తేలాలి



1976లో జైర్ అనే పేరుతో ఉన్న కాంగోలో, యంబుకు పల్లెలోని మిషనరీ ఆస్పత్రిలో అంతుచిక్కని జ్వరంతో మనుషులు చనిపోతున్నారని కబురొచ్చింది. కిన్షాసా నుంచి అక్కడికి వెళ్లిన తొలి శాస్త్రవేత్త జాన్ జాక్ ముయెంబే. గ్లౌజులు లేకుండానే ఆయన రోగుల రక్తం తీశారు. సూది గుచ్చిన చోట నెత్తురు ఆగక వేళ్లన్నీ తడిశాయి. సబ్బుతో కడుక్కోవడం తప్ప ఆయనకు మరో రక్షణ లేదు. జబ్బుపడ్డ ఒక నన్‌ను కిన్షాసాకు వెంటబెట్టుకొచ్చారు. ఆమె రక్తనమూనా బెల్జియంలోని ఆంట్‌వర్ప్‌కు, అక్కడి నుంచి అమెరికాకు వెళ్లింది. అది కొత్త వైరస్ అని తేలింది, ఎబోలా అని పేరు పెట్టారు. ఆ ఘనత దశాబ్దాల పాటు ఐరోపా, అమెరికా ప్రయోగశాలల ఖాతాలోనే ఉండిపోయింది.

ఇందులో ఎవరి దుర్మార్గమూ వెతకనక్కర్లేదు. ఆ నమూనాను పరీక్షించగల ప్రయోగశాల కిన్షాసాలో లేదు, ఆంట్‌వర్ప్‌లో ఉంది. పేరు కూడా ప్రయోగశాల ఉన్నచోటికే పోయింది.

ముయెంబే అక్కడితో ఆగలేదు. 1995లో కిక్విట్ పట్టణంలో ఎబోలా మళ్లీ విరుచుకుపడినప్పుడు, కోలుకున్నవారి రక్తాన్ని 8 మంది రోగులకు ఎక్కించారు. 7 మంది బతికారు. పోల్చిచూడటానికి మరో బృందం లేదంటూ బయటి శాస్త్రవేత్తలు ఆ ఫలితాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అయితే కిక్విట్‌లో బతికి బయటపడ్డ ఒకరి నుంచి 2006లో తీసిన రక్తమే తర్వాత అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఎంఏబీ114 అనే మందుకు మూలమైంది. 2018–19లో తూర్పు కాంగోలో 681 మంది రోగులతో మందుల పరీక్ష జరిగింది. దాన్ని ముయెంబే నడిపే కాంగో జాతీయ పరిశోధన సంస్థ, అమెరికా సంస్థ ఉమ్మడిగా నడిపాయి. మరణాలను బాగా తగ్గించిన రెండు మందుల్లో ఎంఏబీ114 ఒకటి. ఎబోలా నమూనాలను ఇకపై కాంగోలోనే పరీక్షించాలన్నది ముయెంబే పట్టుబట్టి సాధించిన షరతు. ఆ షరతు పెట్టగల స్థితికి రావడానికి ఆయనకు నాలుగు దశాబ్దాలు పట్టింది. పేద దేశాల శాస్త్రవేత్తలందరూ అంతకాలం ఎదురుచూడాలా అన్నదే ఈ సదస్సు ముందున్న ప్రశ్న.

ఎందుకంటే పాత అలవాటు ఇంకా పోలేదు. ఆఫ్రికాలో ఉమ్మడిగా జరిగిన ఆరోగ్య పరిశోధనలపై 2014–16 మధ్య వెలువడిన 7,100 వ్యాసాలను కొందరు పరిశోధకులు జల్లెడ పట్టి, 2019లో లెక్క బయటపెట్టారు. ఏ దేశం గురించి రాశారో ఆ దేశస్థులే తొలి రచయితలుగా ఉన్నవి 52.9 శాతం. పేరుమోసిన అమెరికా విశ్వవిద్యాలయాలు చేయి కలిపిన చోట ఆ వాటా 23 శాతానికి పడిపోయింది. 13.5 శాతం వ్యాసాల్లో ఆ దేశం వారు ఒక్కరూ లేరు. పెద్ద విద్యాసంస్థ వచ్చినకొద్దీ స్థానికుల పేరు వెనక్కి జరగడం బాధ కలిగించే విషయం.

పొలంలో పొత్తు సేద్యం చేసే రైతులు విత్తనం ఎవరిది, ఎడ్లు ఎవరివి, గింజల్లో ఎవరి వాటా ఎంత అన్నది దుక్కికి ముందే తేల్చుకుంటారు. పరిశోధనలో మాత్రం కోత అయ్యాక పంపకం గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ అయిపోయింది. ప్రశ్నను ఎంచుకున్నది ఎవరు, డబ్బు ఎవరి చేతిలో ఉంది, నమూనాలు ఎక్కడుంటాయి, వ్యాసంపై ఎవరి పేరు ముందుంటుంది అన్నవి మొదటి రోజే తేలకపోతే, ఎంత మంచి మనసున్నవారు కలిసినా న్యాయం జరగదు.

దీనికి రుజువు కోసం కాంగో దాకా పోనక్కర్లేదు. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా వేశారు. వారిలో ఎందరో వసతి గృహాల్లో చదువుకునే గిరిజన బాలికలు. అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా పనిచేసే పాథ్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమమిది. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. ఆ టీకాను నేడు ప్రపంచమంతటా వాడుతున్నారు. తప్పంతా అనుమతి దగ్గర జరిగింది. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం, పరిశీలనకు వచ్చిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 చోట్ల సంతకం చేసింది వసతి గృహాల వార్డెన్లు. తల్లిదండ్రులను అడగలేదు. పిల్లల శరీరం మీద నిర్ణయం వార్డెన్ కలం చేసింది. మంచి టీకా మీద ఏళ్ల తరబడి అపనమ్మకం మిగలడానికి ఈ తొందరే కారణం.

ఇదే పాథ్ సంస్థ మరో కథలోనూ ఉంది. 1980ల నడుమ ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం, రోటావైరస్ సోకినా విరేచనాల పాలుకాని పసికందులను గమనించి వారి నుంచి 116ఈ అనే వైరస్ రకాన్ని వేరుచేసింది. 1987లో మొదలైన భారత–అమెరికా టీకా కార్యక్రమం కింద స్టాన్‌ఫర్డ్, అమెరికా ప్రభుత్వ సంస్థలు, తర్వాత పాథ్ చేయి కలిపాయి. తయారీ హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కు దక్కింది. డోసు ధర డాలరుకు మించదని ముందే మాటిచ్చారు. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువులతో పరీక్షించారు. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో రోటావాక్ పేరుతో ఈ టీకా తొలిసారి అందిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

విదేశీ సంస్థ రెండుచోట్లా ఒకటే. రోటావాక్‌లో మాత్రం ప్రశ్న ఢిల్లీలో పుట్టింది, వైరస్ ఇక్కడిది, తయారీ ఇక్కడ, ధర ముందే తేలింది. ఖమ్మంలో కార్యక్రమం పైనుంచి సిద్ధమై దిగింది. తేడా ఒప్పందంలో ఉంది.

దక్షిణాఫ్రికాలోని సాన్ ఆదివాసులు ఈ సంగతి గ్రహించి, 2017లో తమ దగ్గరకు వచ్చే పరిశోధకులకు తామే నియమావళి రాశారు. అర్థమయ్యే మాటల్లో చెప్పాలనీ, ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలనీ కోరారు. మరుసటి ఏడాది వెలువడిన అంతర్జాతీయ నియమావళి రూపకల్పనలో వారూ పాలుపంచుకున్నారు. ఐరోపా కమిషన్ తన నిధులతో సాగే పరిశోధనలకు దాన్ని ప్రమాణంగా తీసుకుంది.

డబ్బు సంగతి అందరూ మొహమాటంతో దాటేస్తారు కాని, అసలు కిటుకు అక్కడే ఉంది. కరెంటు బిల్లు, లెక్కల గుమాస్తా, ఫ్రీజర్ల నిర్వహణ వంటి పరోక్ష ఖర్చుల కింద అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ విదేశీ సంస్థలకు ఏళ్లుగా 8 శాతమే ఇస్తూ వచ్చింది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి దక్కేది 50 శాతానికి పైమాటే. గ్రాంటు ముగిసేసరికి ఒకచోట కొత్త భవనం లేస్తుంది, రెండోచోట ఫ్రీజరు ఆగిపోతుంది. ముయెంబేకు 1976లో లేని ప్రయోగశాల ఇలాంటి లెక్కలతో ఎన్నటికీ రాదు.

గ్రాంటు దరఖాస్తులు రాసే కుర్చీల్లో నేడు అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు శాస్త్రవేత్తలు ఎందరో ఉన్నారు. హైదరాబాద్, విశాఖ, తిరుపతి ప్రయోగశాలలతో వారికి పాత పరిచయాలున్నాయి. బడ్జెట్ పట్టిక నింపేటప్పుడే ఇక్కడి భాగస్వామి పరోక్ష ఖర్చులకు న్యాయమైన వాటా కేటాయించడం వారి చేతిలో పని. ఈ సదస్సు ఒక ఉపసంఘాన్ని వేసి, తెలుగులో నమూనా ఒప్పందం తయారుచేయించాలని అధ్యక్షస్థానం నుంచి ప్రతిపాదన. ప్రశ్నను ఉమ్మడిగా ఎంచుకోవడం, నమూనాలపై హక్కు, రచయితల క్రమం, పరోక్ష ఖర్చులు, మందు ధర ఇందులో ఉండాలి. గిరిజన ప్రాంతాల్లో పని ఉంటే అనుమతి పత్రం కోయ, గోండి మాటల్లో చదివి వినిపించి, తల్లిదండ్రుల నుంచే తీసుకోవాలన్న నిబంధన తప్పనిసరి. తొలి ముసాయిదాను విశ్వవిద్యాలయాల నైతిక సంఘాలకు, విదేశాల్లోని తెలుగు పరిశోధకులకు ఒకేసారి పంపి, ఇరువైపుల అభ్యంతరాలనూ ఒకే పట్టికలో చేర్చి మలి సమావేశంలో చర్చకు పెట్టాలి.